డిస్కుల కూటమి - తొందరపాటు తెచ్చు దోషము



తిమ్మాజిపేట ప్రాంతపు పెద్దలలో పట్వారీ దఫ్తరము నెరిగినవారు ఇంకను గలరు. పల్లెలోని పహాణీ ప్రతి చెదలపాలైనచో రైతు తహసీలు కచేరీ చుట్టును తిరుగవలసి వచ్చెడిది. 1984లో పటేలు పట్వారీల కొలువులు రద్దయినవి. 2016లో తిమ్మాజిపేట మహబూబునగరు జిల్లానుండి నాగరుకర్నూలు జిల్లాలోనికి వచ్చినది. 2020లో ధరణియు, 2025లో భూభారతియు నను కంప్యూటరు దస్త్రము లేర్పడినవి. మూటలు పోయినవి, భయము మాత్రము పోలేదు. వ్రాతలను దాచు డిస్కునకును ఆయుర్దాయము కలదు. ఆ భయమును మానవు డెట్లు ఎదుర్కొనెనో విన్నవించెదను.

1956లో ఐ.బి.యం. సంస్థ తొలి డిస్కు యంత్రమును వెలువరించినది. రెండడుగుల వెడల్పుగల 50 పళ్లెరములమీద అది 50 లక్షల అక్షరములు దాచెడిది. చెడిన డిస్కులోని వ్రాతలను తక్కిన డిస్కులనుండి రాబట్టు ఉపాయమునకు 1978లో ఆ సంస్థకే చెందిన నార్మన్ కెన్ ఔచి పేటెంటు పొందెను. 1988లో అమెరికాయందలి బర్క్లీ విశ్వవిద్యాలయ పండితులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు, చవుక డిస్కులు పెక్కింటిని కూటమిగా కట్టు విధమును వివరించి దానికి ‘రెయిడ్’ అని పేరిడిరి.

దాని సూత్రము సులభము. ఒక పుస్తకమున 7 బస్తాలు, రెండవదానిలో 5 బస్తాలు, మూడవదానిలో మొత్తము 12 అని వ్రాసియుంచితిమి. ఏ యొక్క పుస్తకము పోయినను తక్కిన రెంటివలన దాని లెక్క తేలును. కంప్యూటరు కూడిక తీరు వేరైనను న్యాయ మిదియే.

ఈ పనిని ప్రత్యేక యంత్రము లేకయే లినక్సు అను ఉచిత కార్యక్రమము చేయగలదు. ఆస్ట్రేలియావాసి నీల్ బ్రౌన్ 2001లో ‘ఎం.డి.ఆడమ్’ అను పనిముట్టును రచించెను. 2006లో అయిదవ తరగతి కూటమికి నడుచుచుండగనే క్రొత్త డిస్కును చేర్చు వీలు కలిగెను.

చేర్చుట యన పుటకు రెండు పద్దులుగల చిట్టాను, ఆ పుస్తకముననే, పుటకు మూడు పద్దులుగా తిరుగ వ్రాయుటవంటిది. మొదట చదువవలసిన తావును వ్రాయవలసిన తావును ఒక్కటియే. నడుమ కరెంటు పోయినచో పాతదియు లేదు, క్రొత్తదియు లేదు. కావున ఆ మొదటి భాగమును వేరుచోట నకలు తీసి యుంచుదురు. పని సాగినకొలది చదువుట ముందునకును, వ్రాయుట వెనుకకును ఎడమగును. పిమ్మట భయము తగ్గును.

ఇచటనే కాలదోషము పొంచియుండును. వ్రాతలను జరుపునది లినక్సు లోపలి భాగము; ఆజ్ఞ యిచ్చి నకలును కాచునది వెలుపలి పనిముట్టు. మేస్త్రి ‘ఆరంభింపు’మని చెప్పి వెంటనే చూచెననుకొనుడు. కూలి ఇంకను పార యెత్తలేదు, పని జరుగుటలేదు. పని ముగిసినపుడును కనబడున దదియే. మేస్త్రి ముగిసినదని పొరబడి నకలును పారవేసినచో, ఆ క్షణమున కరెంటు పోయిన లెక్కలు మరల దొరకవు. పదిమార్లు చక్కగా సాగి పదునొకండవమారు తప్పును గనుక ఈ దోషమును పట్టుట కష్టము.

ఒక క్షణ మాగి చూడుమనుట మందు కాదు. యంత్రము మందగించిన రోజున ఆ క్షణము చాలదు. ‘ఇంకను ఆరంభింపలేదు’, ‘ముగిసినది’ అను రెండు స్థితులను వేరుపరుపవలెను. పని ఎంతవరకు వచ్చెనో ఆ గురుతును డిస్కులమీదనే వ్రాయుచుండవలెను. ఆ గురుతు అపాయపు హద్దు దాటినదాక నకలును విడువరాదు. అపుడు కరెంటు పోయి వచ్చినను పని ఆగినచోటినుండి సాగును.

మరియొక మాట. కూటమి డిస్కు చెడుటనుండి కాపాడును గాని, తప్పుగా చెరిపిన పద్దును కాపాడదు. వేరొకచోట ప్రతి యుండుట అవశ్యము. మీ పాసుపుస్తకమును, పాత పహాణీ నకలును పెట్టెలో భద్రపరచుట నేటికిని వివేకమే. పనికి ఆజ్ఞ యిచ్చుట వేరు, పని జరుగుట వేరు. ఆ భేదము నెరిగి కనిపెట్టి యుండువానికే దస్త్రము దక్కును.