అవ్వ మూటలోని బంతి

మా అవ్వ దగ్గర ఒక చిన్న గుడ్డమూట ఉండేది. దాంట్లో బంతి విత్తులు. "మనవాళ్లు ఉత్తరాన్నుంచి ఈ సీమకు వచ్చినప్పుడు కొంగున ముడేసుకొని తెచ్చిన విత్తు నాయనా ఇది" అనేది. ఆలంగుళంలో మా పెరటి బంతికి ఇంతటి వంశచరిత్ర ఉందని నేను చాలాకాలం గర్వపడ్డాను.

చదువుకున్నాక అనుమానం పుట్టింది. విజయనగర సేనలు మదురను గెలిచింది 14వ శతాబ్దంలో. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు అక్కడ పాలకుడయ్యాడు. ఆ కాలాల్లో మనవాళ్లు గుంపులుగా దక్షిణానికి తరలివచ్చారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. బంతి పుట్టిల్లేమో మెక్సికో. కొలంబస్ అమెరికా చేరింది 1492లో, వాస్కోడగామా కోళికోడులో దిగింది 1498లో. అంతకుముందు మన దేశంలో బంతి లేదు, మిరపా లేదు. కాబట్టి మొదట వచ్చినవాళ్ల కొంగున బంతివిత్తు ఉండే వీలే లేదు.

ఈ లెక్క అవ్వకు చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. "అయితే దారిలో ఏ మహాతల్లో ఇచ్చుంటుంది. మనమూ ఇస్తున్నాం గదా" అంది.

నిజమే, ఇచ్చేది. ఐప్పసి వానలకు చల్లితే సంక్రాంతికి పూలు. మంచి పూలు కొన్ని కోయకుండా చెట్టునే ఎండనిచ్చేది. కాడ గోధుమరంగు తిరిగాక, మంచు ఆరిన పొద్దున కోసి, నీడన ఆరబెట్టి, నల్లని సూదుల్లాంటి విత్తులు దులిపి, బూడిద కలిపి మూటగట్టేది. సగం మాకు, సగం ఇరుగుపొరుగుకు.

అవ్వ పోయాక ఒక ఏడు నా అశ్రద్ధవల్ల మూటకు చెమ్మ తగిలింది. ఒక్క విత్తూ మొలవలేదు. అంగడి పొట్లం తెచ్చి చల్లాను. పూలు పెద్దవే పూశాయి. వాటి విత్తు మరుసటి ఏడు చల్లితే ఒక్కో చెట్టు ఒక్కో తీరు. సంకర విత్తు రెండో తరంలో అలాగే చీలిపోతుందని తర్వాత తెలిసింది.

అప్పుడు పక్కింటి తమిళ పెరియమ్మ ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. "మీ అవ్వ ఇచ్చిన చెండుప్పూ విత్తే" అంది. చెండన్నా మన మాటలో బంతే.

ఇప్పుడు మా పెరట్లో పూసేది ఆ విత్తే. మాసి నెలలో మూట కట్టేటప్పుడు సగం పక్కన తీసిపెడుతున్నాను.