నాగయ్య కాపలా

ఆ పిడక కాస్త అవతలికి తొయ్యి తల్లీ, పొగంతా నా కళ్లలోకే వస్తోంది. మళ్లీ మోగిందా నీ ఫోను? చూసుకో, చూసుకో. ఏ సర్వరు పడిందట? దానంతటదే లేచిందా! అయితే కూర్చో. ఆ మోత ఎక్కణ్ణించి మొదలైందో చెప్తా.

మా రోజుల్లో లైను పడిపోయిందని మాకు చెప్పేది బ్రాంచి వాళ్ల తిట్లే. ఫోన్లో తిట్టాక పింగ్ కొట్టి చూసేవాళ్లం. ఆ పింగ్‌ని 1983 డిసెంబరులో అమెరికా సైన్యం వాళ్ల పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ఆయన రాశాడు. జలాంతర్గాముల్ని వెతికే సోనార్ చప్పుడు పేరే దానికి పెట్టాడు. నూతిలో రాయి వేసి చప్పుడు కోసం చెవొగ్గడం లాంటిదే, అంతకన్నా ఏం లేదు. కానీ ఆ రాయి వెయ్యడానికి ఒక మనిషి మేలుకొని ఉండాలి కదా!

ఆ మేలుకొని ఉండే పనిని 1996లో ఈథన్ గాల్‌స్టాడ్ అనే అమెరికా ఆయన ఓ చిన్న డాస్ ప్రోగ్రాముకి అప్పజెప్పాడు. నోవెల్ సర్వర్లకి పింగ్ కొట్టడం, జవాబు రాకపోతే పేజరుకి అంకెలు పంపడం, అదీ దాని పని. తర్వాత లినక్స్ మీద మళ్లీ రాసి, 1999లో నెట్‌సెయింట్ అని పేరు పెట్టి అందరికీ ఊరికే ఇచ్చేశాడు. మహా అయితే ఓ డజను మందికి పనికొస్తుందనుకున్నాడట!

పేరు మీద ట్రేడ్‌మార్కు పేచీ వచ్చి 2002లో నాగియోస్ అని మార్చాడు. ఇకమీదట సాధువునని పట్టుబట్టను అని ఇంగ్లీషులో దానికో వేళాకోళం అర్థం కూడా చెప్పాడు. మా ఆఫీసులోనూ దాన్నే పెట్టుకున్నాం. మా హెడ్‌క్లర్కు మాత్రం చివరిదాకా నాగయ్య అనే పిలిచాడు. "నాగయ్య ఏమంటున్నాడోయ్?" అంటూ వచ్చేవాడు పొద్దున్నే.

నాగయ్య మోతుబరి రైతు లాంటివాడు, తాను మడిలో దిగడు. ప్లగిన్లని చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి, వాటిని తోలతాడు. అవి వెళ్లి చూసొచ్చి ఒక్క అంకె చెప్తాయి. సున్నా అంటే బాగుంది, ఒకటి అంటే జాగ్రత్త, రెండు అంటే కొంప మునిగింది, మూడు అంటే నాకు తెలీదు. ఆ మూడంటే నాకు భలే ఇష్టం. తెలీదని ఒప్పుకున్న మనిషిని మా ఆఫీసులో నేను చూళ్లేదు మరి. ఆ అంకె చెప్పడం వస్తే చాలు, ఎవరైనా ప్లగిన్ రాసుకోవచ్చు. నాగయ్య ఊళ్లూ దేశాలూ పట్టి పాకాడంటే అందుకే.

నాగయ్యకి ఇంకో గుణం ఉంది. ఒకసారి జవాబు రాకపోతే వెంటనే గోల పెట్టడు. మళ్లీ అడుగుతాడు, ఇంకోసారి అడుగుతాడు. మేం మూడుసార్లని పెట్టుకున్నాం. అప్పటికీ పలక్కపోతేనే మనిషిని లేపేవాడు.

అయినా ఒక రాత్రి నా నిద్ర మొత్తం పోయింది. ఎక్కడో రోడ్డు తవ్వి కేబులు తెంపేశారు. దాని వెనకున్న మెషిన్లన్నీ పోయాయంటూ మెసేజి మీద మెసేజి. నా ఫోన్లో సిమ్ నిండిపోయి, బాగైందన్న కబురు లోపలికి రాలేదు. తప్పు నాదే. ఫలానా రూటరు దాటితేనే ఆ మెషిన్లకి దారి అని ఫైల్లో రాసి పెట్టాలి, నేను రాయలేదు. రాసుంటే రూటరు ఒక్కటే పోయిందనీ, వెనకవాటికి దారి లేదనీ నాగయ్యే విడదీసి చెప్పేవాడు. మర్నాడు టీ కూడా తాగకుండా కూర్చుని అన్నిటికీ దారులు రాశాను.

2009లో నాగయ్య ఇంట్లో పేచీ వచ్చింది. తాము పంపిన మార్పులు ఎప్పటికీ లోపలికి తీసుకోరేమని కొందరు అలిగి వేరు కాపురం పెట్టారు. దాని పేరు ఐసింగా, జులు భాష మాట. వేరు పడినా అవే ప్లగిన్లు అక్కడా పనిచేశాయి. గిన్నెలు పంచుకోలేదన్నమాట!

మా నాగయ్య మేడమెట్ల కింద పాత డబ్బాలో ఉండేవాడు. ఓసారి మూడు రోజులు ఒక్క మెసేజీ రాలేదు. అంతా బాగుందని హాయిగా పడుకున్నాం. ఆ డబ్బాలో డిస్కు పోయిందని ఎవరికి తెలుసు? నాలుగో రోజు బ్రాంచి నుంచి ఫోనొచ్చింది, పాత పద్ధతిలోనే, తిట్లతో సహా.