పట్టా లేనివాడు ఆక్రమణదారుడా?

1985లో సర్దార్ సరోవర్ ఆనకట్టకు ప్రపంచబ్యాంకు 45 కోట్ల డాలర్ల అప్పు ఒప్పుకుంది. నర్మదా లోయలో భిల్లులు, తడ్వీలు తరతరాలుగా దున్నిన నేలకు కాగితం లేదు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర లెక్కల్లో వాళ్లు ‘ఆక్రమణదారులు’. మన పోడు రైతులు ఎరిగిన మాటే ఇది.

ప్రశ్నించినవాళ్లను అభివృద్ధి నిరోధకులన్నారు. కానీ 1991లో బ్యాంకే వేసిన స్వతంత్ర సంఘానికి అధ్యక్షుడు బ్రాడ్‌ఫోర్డ్ మోర్స్. ఆయన అమెరికా చట్టసభలో రిపబ్లికన్ పార్టీ సభ్యుడిగా పనిచేసినవారు. ఆయన్ని ఎర్రజెండా మనిషని ఎవరనగలరు? 1992 నివేదికలో ఆ సంఘం సరిగ్గా ఆ ‘ఆక్రమణదారు’ ముద్రనే తప్పుపట్టింది, బ్యాంకు వెనక్కి తగ్గాలంది.

1993 మార్చిలో మిగిలిన అప్పు అక్కర్లేదని భారత ప్రభుత్వమే చెప్పేసింది. ఆనకట్ట పని మాత్రం ఆగిపోలేదు. అదే ఏడాది గుజరాత్ నిగమం బాండ్లు అమ్మి స్వదేశంలోనే డబ్బు సేకరించింది. 2017లో ప్రారంభోత్సవం జరిగింది.