అల్లరి: ఒక విశేషణం కథ

వచనం మారినంత మాత్రాన అర్థం తలక్రిందులయ్యే మాటలు మన భాషలో అరుదు. "అల్లరి" ఏకవచనంలో ముద్దు. "అల్లర్లు" అన్నామా, పోలీసులు రావలసినదే!

విశేషణంగా నిలిచినప్పుడూ అంతే. అల్లరి పిల్లవాడంటే నవ్వుతాం. అల్లరి మూక అంటే తలుపు వేసుకుంటాం. ఇక "అల్లరిపాలు కావడం" అంటే నలుగురి నోళ్ళలో నాని పరువు పోగొట్టుకోవడం. చేసినవాడికి ఆట, పడినవారికి అపకీర్తి. రెంటికీ మాట ఒక్కటే.

సోదరపదాలకు ఇంత విస్తృతి లేదు. చిలిపిలో తేలికదనం ఉంది, కొంటెలో తెలివి ఉంది, తుంటరిలో కాస్త ముల్లు ఉంది. అల్లరి ఒక్కటే ఊయల నుండి వీధిపోరాటం దాకా నడిచింది.

పోతన దశమస్కంధం చూడండి. లేగలను విడిచాడనీ, వెన్న దోచాడనీ యశోదకు మొరపెట్టుకొన్నది గోపికలు. నష్టపడినవారే కథ చెప్పారు. వారి మాటలలోనే మురిపెమూ తొణికింది. 1950లలో ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు వచ్చాడు. ఇక్కడ చెప్పేవాడు చేసినవాడే. 2002లో వచ్చిన "అల్లరి" చిత్రంతో ఈ విశేషణం ఒక నటుని ఇంటిపేరే అయిపోయింది.

అయితే కళాశాలల్లో పెద్ద విద్యార్థులు క్రొత్తవారిని ఏడిపించి, దానినీ "సరదా అల్లరి" అన్నారు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ర్యాగింగును నేరంగా నిషేధించవలసి వచ్చింది. పడినవారు నవ్వలేనిది అల్లరి కాదని చట్టం చెప్పవలసి రావడం మన దౌర్భాగ్యం.

నా తప్పూ ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక చురుకైన బాలుని ప్రగతిపత్రంలో ముచ్చటపడి "అల్లరివాడు" అని వ్రాశాను. నేను వ్రాసింది కృష్ణుని అల్లరి. వాని తండ్రి చదివింది వీధి అల్లరి. మరునాడు పిల్లవాడు వాతలతో బడికి వచ్చాడు. ఏమిరా అని అడిగితే, "మీరే వ్రాశారు కదండీ మాస్టారూ" అన్నాడు.

ఆ తరువాత పదవీవిరమణ దాకా ఏ పత్రంలోనూ ఆ మాట వ్రాయలేదు. "చురుకైనవాడు" అనే వ్రాశాను. నిఘంటువు అర్థాలన్నిటినీ ప్రక్కప్రక్కనే ఉంచుతుంది. వాటిలో ఏది ఎవరి వీపు మీద పడుతుందో చూసుకోవలసింది వ్రాసేవాడే.