వెలికా హోచా

కొసోవో నైరుతి భాగంలో ద్రాక్షతోటల గుట్టల నడుమ ఉన్న చిన్న సెర్బ్ గ్రామం వెలికా హోచా. దగ్గరి పట్టణం ఒరాహోవాత్స్. అల్బేనియన్లు ఈ ఊరిని హోచా ఎ మధె అనీ, ఆ పట్టణాన్ని రహోవెత్స్ అనీ అంటారు. ఊళ్ళో ఉండేది కొన్ని వందల మందే. చర్చీలు మాత్రం 13 అని ఊరివాళ్ళ లెక్క. వాటిలో అన్నీ నిలిచి లేవు, కొన్నింటికి పునాదులే మిగిలాయి.

ఇంత చిన్న ఊరికి అన్ని చర్చీలు ఎందుకంటే, అది మొదటినుంచీ మఠాల సొత్తు కాబట్టి. సెర్బ్ పాలకుడు స్టెఫాన్ నెమాన్యా 1196లో గద్దె దిగి సన్యసించాడు. 1198లో కొడుకు సావాతో కలిసి గ్రీసులోని ఆథోస్ కొండపై హిలాందార్ మఠాన్ని నిలబెట్టాడు. మఠం పోషణకు రాసిచ్చిన ఊళ్ళలో హోచా ఒకటి. మన గుళ్ళకు రాజులు మాన్యాలు రాసిచ్చినట్టే ఇదీను. 14వ శతాబ్దంలో దెచాని మఠం వెలిశాక దానికీ ఇక్కడ ద్రాక్షతోటలు దక్కాయి. దెచాని సన్యాసులు నేటికీ ఈ ఊళ్ళోనే వైన్ తయారుచేస్తున్నారు.

శ్మశానంలోని సెయింట్ నికోలస్ చర్చి, గుట్టమీది సెయింట్ జాన్ చర్చి ఊరికి ముఖ్యమైనవి. రెండూ మధ్యయుగపు కట్టడాలే అయినా, వాటి కుడ్యచిత్రాల్లో చాలా భాగం 16వ శతాబ్దానివి. అంటే ఒట్టోమన్ పాలన కాలానివి. తురుష్కుల ఏలుబడి అంతా చీకటియుగమని నమ్మేవారు ఈ తేదీని గమనించాలి. సెర్బ్ కుటుంబంలో పుట్టి, ఒట్టోమన్ దర్బారులో ఉన్నత పదవులకెక్కిన సొకొల్లు మెహ్మెద్ పాషా అండతో 1557లో సెర్బ్ ఆర్థడాక్స్ చర్చి పేచ్ మతపీఠం మళ్ళీ తెరుచుకుంది. ఆ ఊపులో ఎన్నో పాత చర్చీలు బాగుపడి కొత్త రంగులు పూసుకున్నాయి. 1912 బాల్కన్ యుద్ధంతో ఒట్టోమన్ పాలన ముగిసి, ప్రాంతం సెర్బియా చేతికీ, తర్వాత యుగోస్లావియాలోకీ వచ్చింది.

ఊరిని ఒంటరి చేసినవి 1998, 1999 సంవత్సరాలు. 1998 జూలైలో అల్బేనియన్ల సాయుధ దళమైన కొసోవో విమోచన సైన్యం ఒరాహోవాత్స్‌పై దాడిచేసినప్పుడు పదుల సంఖ్యలో సెర్బులు అపహరణకు గురయ్యారు. మరుసటి ఏడు మార్చిలో సెర్బ్ బలగాలు చుట్టుపక్కలి బెలా త్సర్క్వా, మాలా క్రుషా గ్రామాల్లో అల్బేనియన్లను ఊచకోత కోశాయి. యుగోస్లావియా యుద్ధనేరాలను విచారించిన హేగ్ ట్రిబ్యునల్ తీర్పులో ఈ హత్యలు నమోదై ఉన్నాయి. ఈ రెంటిలో ఒకటే చెప్పి ఊరుకునే చరిత్రను నమ్మడం కష్టం. 1999 జూన్‌లో నాటో బలగాలు వచ్చాయి. ఆ ఏడే పొరుగున ఉన్న జోచిష్తె మఠాన్ని పేల్చేశారు (తర్వాత మళ్ళీ కట్టారు). వెలికా హోచా మాత్రం నాటో సైనికుల కాపలాలో, చుట్టూ అల్బేనియన్ ఊళ్ళ మధ్య ద్వీపంలా మిగిలింది.

ఆస్ట్రియన్ రచయిత పీటర్ హాండ్కే వల్ల ఊరి పేరు బయట వినిపించింది. సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ అంత్యక్రియల్లో మాట్లాడి వివాదంలో చిక్కుకున్న ఆయన, బెర్లిన్‌లో మిత్రులు పోగుచేసి ఇచ్చిన 50,000 యూరోల బహుమతిని 2007లో ఈ ఊరికిచ్చాడు. 2009లో దీనిమీద ఒక పుస్తకమూ వేశాడు. 2019లో ఆయనకు నోబెల్ ప్రకటించినప్పుడు పాత వివాదమంతా మళ్ళీ లేచింది.

2008 ఫిబ్రవరి 17న కొసోవో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. సెర్బియా ఒప్పుకోలేదు, భారతదేశమూ గుర్తించలేదు. ఐక్యరాజ్యసమితి దూత మార్తి అహ్తిసారి ప్రణాళికలోని హామీ ప్రకారం 2012లో కొసోవో శాసనసభ వెలికా హోచా కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఊరి వారసత్వ కట్టడాల విషయంలో గ్రామ మండలి మాట చెల్లుబాటయ్యేలా అందులో ఏర్పాటుంది. ఒక్క పల్లె పేరిట చట్టం చేయడం అరుదైన సంగతే. అయితే రాళ్ళను కాపాడినంత తేలిగ్గా మనుషులను నిలపడం ఏ చట్టానికీ సాధ్యం కాలేదు. 1999 తర్వాత ఈ ప్రాంతపు సెర్బులు చాలామంది వెళ్ళిపోయారు.

కొసోవోలోని దెచాని, పేచ్, గ్రాచానిత్సా, ప్రిజ్రెన్ కట్టడాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో, ప్రమాదంలో ఉన్నవాటి కింద నమోదయ్యాయి. వెలికా హోచా అందులో లేదు. ఉండదగిన ఊరే.