డిసోసియేటివ్ ఎక్స్‌పీరియన్సెస్ స్కేల్

డిసోసియేటివ్ ఎక్స్‌పీరియన్సెస్ స్కేల్ (వియోజన అనుభవాల కొలమానం) అనేది తనకు కలిగే వియోజన అనుభవాలు ఎంత తరచుగా కలుగుతున్నాయో వ్యక్తి స్వయంగా అంచనా వేసుకొని నింపే ప్రశ్నావళి. దీనిని సంక్షిప్తంగా డి.ఇ.ఎస్. అంటారు. ఇందులో 28 ప్రశ్నలు ఉన్నాయి. ఇది వ్యాధి నిర్ధారణ పరీక్ష కాదు. మరింత పరిశీలన ఎవరికి అవసరమో గుర్తించుటకు ఉద్దేశించిన ప్రాథమిక వడపోత సాధనం మాత్రమే.

వియోజనం అంటే

జ్ఞాపకం, స్పృహ, తానెవరన్న ఎరుక, శరీర స్పర్శ సాధారణంగా కలిసికట్టుగా పనిచేస్తాయి. ఇవి ఒకదానినుండి ఒకటి విడివడుటను మనస్తత్వ శాస్త్రంలో వియోజనం (డిసోసియేషన్) అంటారు. ఫ్రెంచి మనస్తత్వవేత్త పియెర్ జానె 1889లో వెలువరించిన గ్రంథంలో ఈ భావనను విపులంగా చర్చించాడు. వియోజనం ఎల్లప్పుడూ రోగలక్షణం కాదు. బస్సులో కూర్చుని ఆలోచనలో పడి దిగవలసిన స్టాపు దాటిపోవడం, సినిమాలో లీనమై పక్కవారి పిలుపు వినకపోవడం అందరికీ అనుభవమే. అయితే తాను ఒక చోటికి ఎలా వచ్చాడో తెలియకపోవడం, సొంత శరీరం తనది కాదనిపించడం, ఆప్తులను గుర్తుపట్టలేకపోవడం వేరు కోవకు చెందినవి. తీవ్రమైన భయాందోళనల సమయంలోనూ, బాల్యంలో హింసకు గురైనవారిలోనూ ఇటువంటివి ఎక్కువగా కనిపిస్తాయి.

చరిత్ర

ఈ ప్రశ్నావళిని అమెరికాకు చెందిన ఈవ్ బెర్న్‌స్టీన్ కార్ల్‌సన్, ఫ్రాంక్ పుట్నమ్ రూపొందించి 1986లో ప్రచురించారు. మొదటి రూపంలో 100 మిల్లీమీటర్ల గీతపై గుర్తు పెట్టవలసి ఉండేది. గుర్తు ఎన్ని మిల్లీమీటర్ల వద్ద ఉన్నదో స్కేలుతో కొలవవలసి రావడం శ్రమతో కూడిన పని. అందుచేత 1993లో వచ్చిన రెండవ రూపంలో 0 నుండి 100 వరకు పదేసి చొప్పున ఉన్న అంకెలలో ఒకదానిని సున్న చుట్టే పద్ధతి ప్రవేశపెట్టారు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే.

నింపే విధానం, స్కోరు

ప్రతి అనుభవమూ తనకు ఎంత శాతం సమయం కలుగుతున్నదో రాయాలి. మద్యం, మాదకద్రవ్యాల మత్తులో కలిగిన అనుభవాలను లెక్కలోకి తీసుకోరాదు. మొత్తాన్ని 28చే భాగించగా వచ్చిన సగటే స్కోరు. 1986 నాటి అధ్యయనంలో మధ్యగత స్కోరు సాధారణ వయోజనులలో సుమారు 4, కౌమారదశ చివరిలో ఉన్న విద్యార్థులలో 14, ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత ఉన్నవారిలో 31, అప్పట్లో బహుళ వ్యక్తిత్వ రుగ్మతగా పిలువబడిన వ్యాధి ఉన్నవారిలో 57గా నమోదైంది. కాబట్టి ఇరవై ఏళ్ళలోపు విద్యార్థి తన స్కోరును నడివయసు వారి స్కోరుతో పోల్చుకొని కంగారు పడనవసరం లేదు.

సగటు ఒక్కటే చూస్తే పొరబడే అవకాశం ఉంది. ఉదాహరణకు ఒకరు పగటికలలు, సినిమాలో లీనమవడం, ఒంటరిగా ఉన్నప్పుడు పైకి మాట్లాడుకోవడం వంటి ఎనిమిది ప్రశ్నలకు 70 చొప్పున ఇచ్చి, మిగిలిన వాటికి సున్న ఇచ్చారనుకుందాం. మొత్తం 560, సగటు 20. మరొకరు తన్ను తానే బయటినుండి చూసుకోవడం, లోకం నిజం కాదనిపించడం, తలలో మాటలు వినిపించడం వంటి ఎనిమిదింటికి అదే విధంగా 70 ఇచ్చారనుకుందాం. సగటు మళ్ళీ 20. ఇద్దరి పరిస్థితి మాత్రం ఒకటి కాదు. ఈ తేడాను పట్టుకొనుటకు 1996లో వాలర్, పుట్నమ్, కార్ల్‌సన్ రెండవ కోవకు చెందిన 3, 5, 7, 8, 12, 13, 22, 27 సంఖ్యల ప్రశ్నలను వేరుచేసి డి.ఇ.ఎస్.-టి అనే ఉపకొలమానం తయారుచేశారు. పై ఉదాహరణలో దీని ప్రకారం మొదటివారి స్కోరు 0, రెండవవారిది 70. అయితే ఈ విభజన కాలక్రమంలో నిలకడగా ఉండటం లేదని డేవిడ్ వాట్సన్ 2003లో విమర్శించాడు.

30 దాటితే

సగటు 30 లేదా అంతకు మించితే తదుపరి పరీక్ష అవసరమని భావిస్తారు. ఈ అంకెను చాలామంది రోగానికి గీసిన సరిహద్దుగా పొరబడతారు. 1993లో అనేక కేంద్రాలలో జరిపిన అధ్యయనంలో ఈ గీత బహుళ వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవారిలో 74 శాతాన్ని, లేనివారిలో 80 శాతాన్ని సరిగా గుర్తించింది. చూడటానికి ఇది మంచి ఫలితమే. కానీ 1,000 మంది మానసిక రోగులలో 50 మందికి ఆ రుగ్మత ఉన్నదనుకుంటే, 30 దాటినవారిలో నిజంగా రుగ్మత ఉన్నవారు 37 మంది, లేనివారు 190 మంది అవుతారు. అనగా గీత దాటిన ప్రతి ఆరుగురిలో సుమారు ఐదుగురికి ఆ రుగ్మత ఉండదు. వారికి ఆఘాతానంతర ఒత్తిడి వంటి ఇతర సమస్యలు ఉండవచ్చు.

దీనికి వ్యతిరేకమైన లోపం కూడా కలదు. మరచిపోయిన సంగతినే మరచినవారు తమకు మరపు లేదనే రాస్తారు. కాబట్టి తక్కువ స్కోరు అభయపత్రం కాదు. మూర్ఛవ్యాధిలో కొన్ని రకాలు, నిద్రలేమి, గంజాయి వాడకం కూడా ఇటువంటి అనుభవాలను కలిగించగలవు; ప్రశ్నావళి వీటిని వేరుచేయలేదు.

అంకెకన్నా ఉపయోగకరమైనది ప్రతి జవాబు వెనుక ఉన్న సంఘటన. ఎక్కువ శాతం ఇచ్చిన ప్రశ్న పక్కన అది చివరిసారిగా ఎప్పుడు, ఎక్కడ జరిగింది, ముందు ఏమి జరిగింది, ఎంతసేపున్నది అని రాసుకొని వైద్యునికి చూపితే సంభాషణ సులువవుతుంది. వైద్యులు అడిగేవి కూడా ఇవే. ఆఘాతాలకు గురైనవారిలో కొన్ని ప్రశ్నలు పాత జ్ఞాపకాలను రేపవచ్చు. అటువంటప్పుడు మధ్యలో ఆపివేయడం తప్పు కాదు. భారతదేశంలో 2022లో ప్రారంభమైన టెలి మానస్ సహాయకేంద్రాన్ని 14416 సంఖ్యపై సంప్రదించవచ్చు.

సంస్కృతి ప్రభావం

తెలుగునాట జాతరలలో పూనకం వచ్చినవారు తరువాత ఆ సమయం గుర్తులేదని చెప్పడం కద్దు. ప్రశ్నావళిలో దీనికి శాతం వేస్తే స్కోరు పెరుగుతుంది. కానీ సమాజం ఆమోదించిన మతాచారంలో భాగమైన, వ్యక్తికి బాధ కలిగించని పూనకాన్ని 2013లో వెలువడిన అమెరికా మానసిక వ్యాధుల వర్గీకరణ (డి.ఎస్.ఎం.-5) రుగ్మతగా పరిగణించదు. జాతరతో సంబంధం లేకుండా, కోరకుండానే పదేపదే వచ్చి, చదువునూ సంసారాన్నీ దెబ్బతీసేది వేరు.

ఇతర ప్రశ్నావళులు

కౌమారుల కొరకు 30 ప్రశ్నలతో ఎ-డి.ఇ.ఎస్. ఉన్నది. స్పర్శ కోల్పోవడం వంటి శారీరక వియోజన లక్షణాలకు ఎస్.డి.క్యు.-20, తాను తాను కాదనే భావనకు 29 ప్రశ్నల కేంబ్రిడ్జి డిపర్సనలైజేషన్ స్కేలు వాడుకలో ఉన్నాయి. నిర్ధారణకు మాత్రం మార్లిన్ స్టైన్‌బర్గ్ రూపొందించిన ఎస్.సి.ఐ.డి.-డి వంటి, నిపుణులు ముఖాముఖి జరిపే ఇంటర్వ్యూలను ఆశ్రయిస్తారు.