పార్చ్‌మెంటు కాగితం నుంచి పల్నాటి దాకా: డయాలసిస్ పుట్టుపూర్వోత్తరాలు

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన మనిషిని యంత్రం సాయంతో ఏళ్ల తరబడి బతికించే డయాలసిస్ చికిత్స పేరు వినని ఊరు నేడు పల్నాడులోని గురజాల, మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతాల్లో అరుదు. ఆ చికిత్సకు ఆధారమైన సూత్రం తెలిసి నూట అరవై ఏళ్లు దాటినా, మనిషిపై తొలి ప్రయత్నం జరిగి నూరేళ్లు గడిచినా, తెలుగునాట సామాన్య రైతు కుటుంబం దాన్ని ఆశించగల స్థితి ఏర్పడింది మాత్రం గత రెండు దశాబ్దాల్లోనే. రక్తనాళంలోకి పదేపదే ప్రవేశించే దారి, లోపం లేని నీరు, జీవితాంతం ఖర్చు భరించే ఏర్పాటు అనే మూడూ ఒకచోట కుదిరితే తప్ప యంత్రం ఉన్నా లేనట్టే కనుక, డయాలసిస్ చరిత్రను యంత్రం చరిత్రగా మాత్రమే చదివితే సగమే చదివినట్టవుతుంది.

ఒక్కొక్క మూత్రపిండంలో నెఫ్రాన్లు అనే సూక్ష్మమైన వడపోత గొట్టాలు సుమారు పది లక్షల చొప్పున ఉంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లను మాత్రం మూత్రంగా బయటికి పంపి, మిగిలినదంతా తిరిగి రక్తంలోకి పీల్చుకుంటాయి. ఎముక మజ్జ చేత ఎర్ర రక్తకణాలను తయారు చేయించే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును తయారుచేయడం, విటమిన్ డిని శరీరానికి పనికివచ్చే రూపంలోకి మార్చడం కూడా వాటి పనులే. డయాలసిస్ యంత్రం వీటిలో వడపోతను మాత్రమే, అదీ వారంలో కొన్ని గంటలు మాత్రమే చేయగలదు. రక్తహీనతకు ఇంజెక్షన్లు, ఎముకలకు మందులు, ఉప్పు నీళ్ల విషయంలో కట్టుబాట్లు రోగికి విడిగా అవసరం కావడానికి కారణం ఇదే.

మూత్రపిండాల జబ్బును ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించిన ఘనత లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్‌ది. కాళ్లూ ముఖమూ వాచిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంటపై కాచినప్పుడు ఆల్బుమిన్ అనే మాంసకృత్తు తెల్లగా గడ్డకట్టడాన్నీ, మరణానంతరం ఆ రోగుల మూత్రపిండాల్లో కనిపించిన మార్పులనూ జతచేసి 1827లో ఆయన ప్రకటించిన తరవాత చాలాకాలం ఈ జబ్బు బ్రైట్ పేరుతోనే చలామణీ అయింది. జబ్బు తెలిసింది గాని చేయగలిగింది లేదు. చికిత్సకు కావలసిన సూత్రం వైద్యుల నుంచి కాక ఒక రసాయన శాస్త్రవేత్త నుంచి వచ్చింది. స్కాట్లండ్‌కు చెందిన థామస్ గ్రాహం 1861లో ప్రచురించిన పరిశోధనలో, ఆమ్లంతో శుద్ధిచేసిన పార్చ్‌మెంటు కాగితాన్ని పొరగా బిగించి, దానికి ఒకవైపు ద్రావణాన్నీ మరోవైపు నీటినీ ఉంచితే యూరియా వంటి చిన్న అణువులు పొరను దాటిపోతాయనీ, జిగురు, ఆల్బుమిన్ వంటి పెద్ద అణువులు నిలిచిపోతాయనీ నిరూపించి, ఈ ప్రక్రియకు డయాలసిస్ అని పేరుపెట్టాడు. గాఢత ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు పదార్థాలు వ్యాపించడమనే ఈ సూత్రం మీదే నేటి యంత్రాలూ నడుస్తున్నాయి.

సూత్రానికీ రోగికీ మధ్య అరవై ఏళ్ల దూరం ఉండిపోవడానికి ముఖ్యకారణం రక్తం గడ్డకట్టే గుణం. 1913లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో జాన్ ఏబెల్, ఆయన సహచరులు కొలోడియన్ గొట్టాల గుండా జంతువుల రక్తాన్ని ప్రవహింపజేసి శుద్ధిచేసినప్పుడు, గడ్డకట్టకుండా ఉండటానికి జలగల నుంచి తీసిన హిరుడిన్‌ను వాడవలసి వచ్చింది. జర్మనీలోని గీసెన్ పట్టణంలో గేయార్గ్ హాస్ 1924లో మొదటిసారి మనిషికి డయాలసిస్ చేశాడు. అది పావుగంట మాత్రమే సాగింది, రోగికి ఒరిగిందేమీ లేదు. రక్తాన్ని గడ్డకట్టనీయని మందుగా 1916లో కనుగొన్న హెపారిన్ శుద్ధమైన రూపంలో లభించిన తరవాతే ఈ అడ్డంకి తొలగింది. నేడు ప్రతి డయాలసిస్ గదిలోనూ కనిపించే హెపారిన్ సీసా లేకుంటే యంత్రాలకు విలువే ఉండేది కాదు.

పనిచేసే తొలి కృత్రిమ మూత్రపిండం మాత్రం యుద్ధకాలపు కరవులోంచి పుట్టింది. నెదర్లాండ్స్‌ను జర్మనీ ఆక్రమించుకున్న రోజుల్లో కాంపెన్ అనే చిన్న పట్టణపు ఆస్పత్రిలో పనిచేస్తున్న యువ వైద్యుడు విల్లెం కోల్ఫ్, మాంసపు సాసేజీలకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్కపట్టీలతో చేసిన డ్రమ్ముకు చుట్టలు చుట్టలుగా చుట్టి, ఆ డ్రమ్ము సగం మునిగేలా ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పే ఏర్పాటు చేశాడు. దీని నిర్మాణానికి స్థానిక ఎనామెల్ కర్మాగారం అధిపతి హెండ్రిక్ బెర్క్ తోడ్పడ్డాడు. డ్రమ్ము తిరిగినప్పుడల్లా గొట్టంలోని రక్తం నుంచి యూరియా తొట్టిలోని నీటిలోకి జారిపోయేది. 1943 మార్చిలో మొదలైన ఈ చికిత్సలో తొలి రెండేళ్లూ చేతికందిన ఫలితం దాదాపు శూన్యం. పదిహేను మందికి పైగా రోగుల్లో ఒక్కరు తప్ప ఎవరూ దక్కలేదు, ఆ ఒక్కరూ యంత్రం వల్లే బతికారని కోల్ఫ్ స్వయంగా చెప్పుకోలేకపోయాడు. 1945 సెప్టెంబరులో స్పృహ లేని స్థితిలో వచ్చిన 67 ఏళ్ల సోఫియా షాఫ్‌స్టాట్ యంత్రం వల్ల కోలుకున్న తొలి రోగిగా చరిత్రకెక్కింది. అన్ని వరుస మరణాల తరవాత కూడా ఒక వైద్యుడు అదే ప్రయత్నం కొనసాగించడాన్ని నేటి వైద్యనీతి సంఘాలు అనుమతిస్తాయా అన్నది సందేహమే. కోల్ఫ్ తన యంత్రానికి హక్కులు కోరకుండా, యుద్ధానంతరం దాని నమూనాలను ఇతర దేశాల ఆస్పత్రులకు ఉచితంగా పంపించాడు.

ఆ యంత్రం అప్పటికి తాత్కాలికంగా దెబ్బతిన్న మూత్రపిండాలకే పనికివచ్చేది. డయాలసిస్ చేసిన ప్రతిసారీ ఒక ధమనినీ ఒక సిరనూ కోసి గొట్టాలు దూర్చవలసి రావడంతో, కొద్దిసార్లకే రోగి శరీరంలో వాడదగిన రక్తనాళాలు అయిపోయేవి. సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ 1960 మార్చిలో రక్తం అంటుకోని టెఫ్లాన్ గొట్టాన్ని రోగి చేతి ధమనికీ సిరకూ శాశ్వతంగా అమర్చి, అవసరమైనప్పుడు యంత్రానికి కలిపే పద్ధతి తెచ్చాడు. ఆయన తొలి దీర్ఘకాల రోగి క్లైడ్ షీల్డ్స్ 1971 దాకా జీవించాడు. ఆ విజయం వెంటనే ఒక క్రూరమైన ప్రశ్నను తెచ్చిపెట్టింది. యంత్రాలు కొన్నే, రోగులు ఎందరో. 1960ల ఆరంభంలో సియాటిల్‌లో ఏర్పడిన ఒక పౌర సంఘం రోగుల వయసు, కుటుంబం, ఉద్యోగం చూసి ఎవరికి డయాలసిస్ ఇవ్వాలో తేల్చేది. ఆ విషయం లైఫ్ పత్రికలో వచ్చాక రేగిన వివాదం వైద్యనీతి శాస్త్రానికే ఒక మలుపు అయింది. 1972లో అమెరికా ప్రభుత్వం దాదాపు రోగులందరి ఖర్చూ తానే భరించే చట్టం చేయడంతో అక్కడ ఆ సంఘం అవసరం తీరింది. ఇక్కడ అటువంటి సంఘం ఎన్నడూ కూర్చోలేదు గాని, ఆ తరవాత మరో ముప్పయ్యేళ్లకు పైగా అదే తీర్పును కుటుంబపు అప్పుల పరిమితి చెబుతూ వచ్చింది.

స్క్రిబ్నర్ గొట్టానికి చీము పట్టడం, గడ్డకట్టడం తప్పని ఇబ్బందులుగా ఉండేవి. న్యూయార్కులోని బ్రాంక్స్ వైద్యులు సిమినో, బ్రెషియా, అపెల్ 1966లో ప్రకటించిన ఫిస్టులా పద్ధతి వాటిని చాలావరకు తీర్చింది. ముంజేతి దగ్గర ధమనిని సిరకు నేరుగా కలిపి కుట్టేస్తే, ధమనిలోని ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో లావై, గోడ మందమై, సూదులు గుచ్చడానికి అనువుగా తయారవుతుంది. బయటి వస్తువేదీ లేకుండా రోగి సొంత నాళమే దారి కావడం వల్ల ఇప్పటికీ దీనికి సాటి వచ్చింది లేదు. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనీయరాదు, రక్తపరీక్షకు సూది గుచ్చనీయరాదు, బరువు మోయరాదు. వేళ్లతో తాకినప్పుడు తెలిసే ప్రకంపన ఆగిపోతే అదే రోజు డాక్టరును కలవాలి.

తరవాతి సమస్య నీరు, పల్నాటి పాఠకులకు అన్నిటికంటె దగ్గరిది. ఒక్క డయాలసిస్ నాలుగు గంటలు సాగితే, నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల శుద్ధద్రవం కృత్రిమ పొరకు అవతలివైపు ప్రవహిస్తుంది. మామూలు మనిషి తాగే నీటిలోని లోపాన్ని పేగులూ మూత్రపిండాలూ కొంత సరిదిద్దుతాయి గాని, ఇక్కడ నీటిలో ఉన్నదల్లా పలచని పొర ఒక్కటే అడ్డుగా రక్తాన్ని చేరుతుంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న కఠిన జలం వల్ల రోగికి వాంతులు, రక్తపోటు, తీవ్రమైన నీరసం కలిగే కఠినజల లక్షణ సముదాయాన్ని అమెరికా వైద్యులు 1967లో వర్ణించారు.  1970లలో నీటిలోని అల్యూమినియం మెదడుకు చేసిన హాని బయటపడింది. బ్రెజిల్‌లోని కరువారులో 1996లో జలాశయపు నాచు విషం శుద్ధి సరిగా లేని నీటితో రక్తంలోకి చేరి యాభై మందికి పైగా రోగుల ప్రాణాలు తీసింది. సున్నం, ఫ్లోరైడు సమస్యలున్న ఈ ప్రాంతంలో డయాలసిస్ కేంద్రానికి యంత్రాల సంఖ్య కన్నా వెనకగదిలోని ఆర్వో శుద్ధి ప్లాంటు, దాని నెలవారీ పరీక్షా నివేదిక ముఖ్యం.

మన దేశంలో డయాలసిస్ 1960ల ఆరంభంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మొదలైంది. విజయవంతమైన తొలి మూత్రపిండ మార్పిడి కూడా 1971లో అక్కడే జరిగింది. ఈ చరిత్రలో తెలుగువాడి చేయి పరోక్షంగా అంతకు చాలా ముందే పడింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్షా పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచ ప్రయోగశాలల్లో నిలిచింది. మూత్రపిండాలు చెడినవారిలో ఫాస్ఫరస్ పెరిగి ఎముకలనూ రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది, డయాలసిస్ దాన్ని పూర్తిగా తీయలేదు. అందుకే ఈ రోగులకు ఫాస్ఫరస్ పరీక్ష నేటికీ తప్పనిసరి.

మూత్రపిండ మార్పిడి చరిత్రలో పల్నాటి పేరు మరొక విధంగా, సంతోషించలేని విధంగా నమోదైంది. 1954లో బోస్టన్‌లో కవల సోదరుల మధ్య జోసెఫ్ ముర్రే చేసిన మార్పిడితో మొదలైన ఈ చికిత్స, అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఆపే సైక్లోస్పోరిన్ 1980లలో రావడంతో విస్తరించి, భారతదేశంలో అవయవాల అమ్మకానికి దారితీసింది. 1994లో కేంద్రం, 1995లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు చేసి అమ్మకాన్ని నేరంగా ప్రకటించినా, పత్తి సాగులో అప్పులపాలైన రెంటచింతల మండల రైతులు కిడ్నీలు అమ్ముకున్న సంగతి 2000 సంవత్సరం ప్రాంతంలో పత్రికలకెక్కింది. గురజాలకు పక్క మండలమే అది. రోగికి చికిత్స కొనలేని ప్రాంతమే ఇతరుల చికిత్సకు అవయవాలు సరఫరా చేసిందన్న మాట. తరవాత మరణించినవారి అవయవాల దానాన్ని క్రమబద్ధం చేసేందుకు జీవన్‌దాన్ కార్యక్రమం వచ్చింది.

ఖర్చు విషయంలో నిజమైన మార్పు 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై 2008 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించిన ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీతో వచ్చింది. ఏటా 2.2 లక్షల మంది కొత్త రోగులు చేరుతున్నారని, దానివల్ల 3.4 కోట్ల డయాలసిస్‌లు అదనంగా అవసరమవుతున్నాయని చెబుతూ 2016 కేంద్ర బడ్జెట్ జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను అమలైంది. ఈ పింఛనుకు బలమైన నేపథ్యం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు మండలాల్లో మధుమేహం గాని అధిక రక్తపోటు గాని లేనివారికీ మూత్రపిండాలు చెడిపోతున్న తీరు ప్రపంచ వైద్యుల దృష్టికి వచ్చి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల పరిశోధన కేంద్రం ప్రారంభమైనా, కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఉద్దానపు కథను యథాతథంగా పల్నాటికి అంటగట్టడం తొందరపాటు. ఇక్కడ వైద్యుడు ముందుగా వెతకవలసినవి మధుమేహం, రక్తపోటు, మూత్రనాళాల్లో రాళ్లు, వేసవిలో ఎండన పడి పనిచేసేవారిలో నీరు తగ్గిపోవడం, ఒళ్లునొప్పులకు కొట్లో కొనుక్కుని రోజూ మింగే మాత్రలు. పొలాల్లో రక్తపింజర కాటువల్ల మూత్రం ఆగిపోయిన రోగిది మరో దారి. సకాలంలో విషవిరుగుడు మందు, కొద్దివారాల డయాలసిస్ అందితే అతని మూత్రపిండాలు చాలాసార్లు తిరిగి పనిచేస్తాయి.

ఇప్పటికీ తీరనిది దూరం. చికిత్స ఉచితమైనా వారానికి రెండు మూడుసార్లు నరసరావుపేటకో, వంద కిలోమీటర్ల అవతలి గుంటూరుకో పోయిరావలసిన రోగికి కూలి పోతుంది, తోడువచ్చినవారికీ కూలి పోతుంది. దాంతో వారానికి మూడు కావలసినవారు రెండుతో, రెండు కావలసినవారు ఒకటితో సరిపెట్టుకుంటారు. కడుపులోని పెరిటోనియం పొరనే వడపోతగా వాడుకుని, టెంకాఫ్ 1968లో రూపొందించిన మెత్తని గొట్టం ద్వారా ఇంట్లోనే రోజూ ద్రవం మార్చుకునే పెరిటోనియల్ డయాలసిస్, పోపోవిచ్, మాంక్రీఫ్‌ల కృషితో 1976 నుంచి అందుబాటులో ఉంది. 2019లో జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల్లో కూడా చేరిన ఈ పద్ధతి, శుభ్రత పాటించగల కుటుంబాలకు గురజాల వంటి చోట్ల మరింత తగినది. అయినా ఇప్పటిదాకా దానికి దక్కవలసిన స్థానం దక్కలేదు.

డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది రక్తంలో పేరుకునే వ్యర్థమైన క్రియాటినిన్ అంకె ఒక్కదానితో తేల్చే విషయం కాదనీ, లక్షణాలు లేని రోగికి ముందుగా మొదలుపెట్టినంత మాత్రాన ఆయుష్షు పెరగదనీ 2010లో వెలువడిన ఐడియల్ పరిశీలన తేల్చింది. ఆ నిరీక్షణ కాలాన్ని ఫిస్టులా తయారీకి వాడుకోకపోవడమే అసలు నష్టం. మన దగ్గర ఎక్కువమంది ఆయాసంతో ఆస్పత్రికి చేరి, మెడ దగ్గర తాత్కాలిక గొట్టంతో డయాలసిస్ మొదలుపెట్టి, ఇన్ఫెక్షన్లతో తొలి నెలలు గడుపుతున్నారు. గురజాల, రెంటచింతల, దాచేపల్లి ప్రాంతాల వైద్యులు మధుమేహం, రక్తపోటు ఉన్న ప్రతి రోగికీ ఏటా ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు చేయించి, వడపోత శక్తి 30 శాతం కన్నా తగ్గినవారిని కిడ్నీ నిపుణుల దగ్గరికి పంపాలి. రోగులు కూడా రాసే చేతిని పనులకు వాడుకుంటూ, రెండో చేతి సిరలను సూదులకు అప్పగించకుండా ఫిస్టులా కోసం కాపాడుకోవాలి.